అల్లుడుగారు కుదిర్చిన సంబంధం

పొద్దున్నే ఆ ఇంట్లో గొడవ మొదలైందంటే అంతా సవ్యంగా ఉందని అర్థం. టీచరమ్మ గొంతు లేవగానే, స్కూలు బస్సు వచ్చే వేళయిందని పక్కింటావిడ పిల్లలకు జడలేసేది. గొంతు లేవకపోతేనే ఆవిడకు కంగారు.

ఆ రోజు గొడవ ఐసు ముక్కల గురించి. టీచరమ్మ భర్తది కళ్ళజోళ్ళ షాపు. ఏడాది కిందట ఆయన కిడ్నీలు రెండూ మొరాయించాయి. వారానికి మూడుసార్లు ఆస్పత్రికి వెళ్ళి డయాలసిస్ చేయించుకోవాలి, నీళ్ళు కొలత ప్రకారమే తాగాలి. ఆ కొలత చూసేది ఆవిడే. బోర్డు మీద రాస్తూ, వెనక్కి తిరక్కుండానే కాపీ కొట్టేవాళ్ళని పట్టేసిన మనిషి.

"ఏవండీ, ఐసు ముక్కలు తగ్గాయేం?"

"కరిగిపోయుంటాయి."

"ఫ్రీజర్లోనా?"

"నీ అరుపుల వేడికి ఎక్కడున్నా కరుగుతాయి."

బూట్లు వేసుకుంటున్న చిన్ని పక్కున నవ్వింది. చిన్ని వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. అవయవాలు ఇచ్చేవాళ్ళకూ, అవి కావలసినవాళ్ళకూ జత కుదిర్చే కేంద్రంలో ఉద్యోగం. అక్కడ ఒక కంప్యూటర్ ప్రోగ్రాం ఉంది. జరిగిన వేల ఆపరేషన్ల వివరాలు చూసి, ఎవరి కిడ్నీ ఎలాంటివాళ్ళ ఒంట్లో ఎక్కువకాలం నిలిచిందో అది నేర్చుకుంది. ఇప్పుడు కొత్తవాళ్ళ వివరాలిస్తే ఎవరిది ఎవరికి సరిపోతుందో చెబుతుంది. తుది మాట మాత్రం డాక్టర్లది. చిన్ని పగలంతా దానికి పాఠాలు చెప్పి, ఇంటికొచ్చాక దాని కబుర్లే చెబుతుంది. పెళ్ళి మాటెత్తితే "ముందు దీన్ని ఓ దారిలో పెట్టనీ" అంటుంది. ఒళ్ళు మండి తండ్రి దానికి అల్లుడుగారని పేరు పెట్టాడు.

"అల్లుడుగారేమంటున్నారే? మామగారి మీద దయ కలిగిందా?"

"నాకేం తెలుసు నాన్నా? మన ఫైలు నన్ను ముట్టుకోనివ్వరుగా. సొంతవాళ్ళదైతే వేరేవాళ్ళు చూస్తారు."

"కూతురు అక్కడుండీ ఏం లాభం?" అంది టీచరమ్మ. "మీ నాన్నని కాస్త ముందుకు జరపమని ఒక్క మాట చెప్పలేవూ?"

"నీ క్లాసులో ఉన్నప్పుడు నాకెన్నడైనా ఒక్క మార్కు ఎక్కువేశావా అమ్మా?"

టీచరమ్మ ఫ్రీజరు తలుపు మూసేసింది. ఎక్కువ వేయడం మాట దేవుడెరుగు, ఎవరేమనుకుంటారోనని సొంత పిల్లకి తగ్గించి వేసేది.

అసలు ఆవిడ బాధ వేరు. ఆయన జబ్బు సంగతి తెలియగానే "నాది తీసి పెట్టండి" అని అందరికంటే ముందు చెయ్యెత్తింది ఆవిడే. పరీక్షలన్నీ అయ్యాక చిన్ని ఇంటికొచ్చి, "అమ్మా, నీది నాన్నకి పడదట" అంది. ఆ పిల్లకి ఇంకో మాటే దొరకలేదా! పెళ్ళైన నాటినుంచీ ఆ మొగుడూపెళ్ళాలకి క్షణం పడదని చుట్టాలంతా నవ్వుకుంటూనే ఉన్నారు. ఇప్పుడు డాక్టర్లు కూడా అదే తేల్చారు.

"ఆయన రక్తం నీ కిడ్నీ మీద ఎదురు తిరుగుతుందమ్మా, అంతే" అని చిన్ని సర్దిచెప్పబోయింది.

"మీ రక్తానికి కూడా ఎదురు తిరగడమే నేర్పారా?" అని ఆవిడ ఆయన మీద విరుచుకుపడి, వంటింట్లోకి వెళ్ళి వెక్కివెక్కి ఏడ్చింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయనకు ప్రాణం మీదికొచ్చిన రోజున తన ఒళ్ళు పనికిరాకుండా పోయింది. ఆ దిగులు ఆవిడ ఎవరికీ చెప్పుకోలేదు. అదే పరిస్థితిలో ఉన్న వేరే ఇంటివాళ్ళతో ఇచ్చిపుచ్చుకోవచ్చని ఆస్పత్రివాళ్ళు చెబితే, ఆవిడ సంతకం చేసి, ఆయన చేత కూడా చేయించింది.

చిన్ని గుమ్మం దాటబోతుండగా ఫోను మోగింది. ఆస్పత్రిలో ఈ ఏర్పాట్లు చూసే మేడమ్. టీచరమ్మ స్పీకర్ నొక్కింది.

"శుభవార్త అండీ! మూడు జంటల మధ్య జత కుదిరింది. మీ కిడ్నీ ఇంకొకరికి వెళ్తుంది, వాళ్ళింటివాళ్ళది మూడోవాళ్ళకి, ఆ మూడో ఇంటినుంచి మీవారికి. డాక్టర్లు కూడా చూసి సరే అన్నారు. అందరికీ ఒకేరోజు ఆపరేషన్."

"అంటే, నాది పనికొస్తుందా?" టీచరమ్మ ఫోను దగ్గరికి లాక్కుంది.

"భేషుగ్గా! చాలా మంచి జత అని వచ్చింది."

ఆవిడ మొహం చూడాలి. క్లాసు ఫస్టు వచ్చిన పిల్లలా వెలిగిపోయింది. చిన్ని బూట్లతోనే లోపలికి పరిగెత్తుకొచ్చి తల్లిని వాటేసుకుంది. అప్పుడు పడక్కుర్చీలోంచి వినిపించింది.

"నేనొప్పుకోను."

"ఏమన్నారు?"

"నాకొద్దన్నాను. ఫోను పెట్టెయ్."

ఆలోచించుకుని సాయంత్రంలోగా చెప్పమని మేడమ్ ఫోను పెట్టేసింది. టీచరమ్మ నడుం మీద చేతులేసుకుని ఆయన ఎదురుగా నిలబడింది.

"ఏం తమాషాగా ఉందా? కాగితం మీద సంతకం పెట్టలేదూ?"

"ఎప్పటికీ కుదరదులే అని పెట్టాను."

"నా కిడ్నీ ఎవరికో వెళ్తోందని కుళ్ళా?"

"నోర్ముయ్యవే!" ఆయన అరిచాడు. ఆ ఇంట్లో రోజూ వినిపించే అరుపు కాదది. తల్లీకూతుళ్ళిద్దరూ బిక్కచచ్చిపోయారు. "నిన్ను కొయ్యడం నాకిష్టం లేదు. నీది నాకు పడదని చెప్పిన రోజు నువ్వు వంటింట్లో ఏడ్చావు. నేను మాత్రం హాయిగా నిద్రపోయాను. బతికిపోయింది, దీన్ని బల్ల మీద పడుకోబెట్టరు అనుకున్నాను. ఇప్పుడీ అల్లుడొచ్చి మళ్ళీ నీ కొంపకే నిప్పు పెడుతున్నాడు."

అన్ని రోజులూ తను కుమిలిపోతున్న ఆ 'పడదు' ఈయనకు అంత తియ్యగా ఉందా! కళ్ళనిండా నీళ్ళతోనే టీచరమ్మకు కోపం తన్నుకొచ్చింది.

చిన్ని తండ్రి పక్కన నేల మీద కూర్చుంది.

"నాన్నా, ఓసారి షాపులో ముగ్గురి కళ్ళజోళ్ళు తారుమారు చేశావు, గుర్తుందా?"

"ఎందుకు లేదూ? ఒకరిది ఇంకొకరికి ఇచ్చేశాను. ముగ్గురూ గోడలకు గుద్దుకుంటూ వచ్చారు."

"వాళ్ళలో ఒకాయన నేను రాను, ఇది ఇవ్వను అని ఇంట్లో కూర్చుంటే?"

"ఆ జోడు ఎవరిదో, ఆయనకి చూపుండదు" అని, ఠక్కున ఆగిపోయాడు. "నన్ను ఇరికిస్తున్నావే నువ్వు."

"ఇక్కడైతే ఇంకా ఘోరం, ఒక్కరు తప్పుకుంటే ముగ్గురికీ పోతుంది నాన్నా. ఆ ఇద్దరూ ఎవరో నాక్కూడా తెలీదు. పొద్దున్న వాళ్ళకీ ఫోను వచ్చే ఉంటుంది."

"వాళ్ళ కోసం నా పెళ్ళాన్ని కోతకి పంపనా?"

అప్పుడు టీచరమ్మ కుర్చీ లాక్కుని, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుంది. గొంతు తగ్గించింది. ఆవిడ గొంతు తగ్గించడం ఆ ఇంట్లో వింత.

"ఇటు చూడండి. మీరు డయాలసిస్‌కి వెళ్ళిన రోజున ఈ ఇంట్లో నాకు ఊపిరాడదు. టీవీ గట్టిగా పెట్టుకుంటాను, గిన్నెలు తోమినవే తోముతాను. నా కిడ్నీ మీకు పడదు, ఒప్పుకున్నాను. మీరు లేని ఇల్లు నాకు పడదండీ. దానికి ఏ డాక్టరు మందిస్తాడు?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడిచేకొద్దీ అద్దాలు ఇంకా మసకబారుతున్నాయి.

"నొప్పెడుతుందే నీకు."

"పెడితే మిమ్మల్నే తిడతాను. కొత్తేముంది?"

చిన్ని ఆస్పత్రికి ఫోను కలిపి తల్లి చేతికిచ్చింది. "మేమొస్తామండీ" అని చెప్పింది మాత్రం ఆయనే.

అనుకున్న రోజునే ఆపరేషన్లు జరిగాయి. రెండోనాడు, నర్సు చెయ్యి పట్టుకుని, పొట్ట అదుముకుంటూ టీచరమ్మ ఆయన గదికి వచ్చింది. అడుగు తీసి అడుగు వేయడం కష్టంగా ఉన్నా, మొహం నిండా గర్వమే.

"డాక్టరుగారు చెప్పారు. నాది అక్కడ పెట్టిన నిమిషానికే పని మొదలెట్టిందట. మీకొచ్చింది బద్ధకస్తురాలు, సాయంత్రం దాకా ఒళ్ళు విరుచుకుంటూ కూర్చుందట."

ఆయన నవ్వలేదు. పొట్ట మీద కట్టుకట్టిన చోట చెయ్యి ఆనించి, కిటికీ వైపు చూస్తున్నాడు.

"ఏం, మాట్లాడరేం? నొప్పిగా ఉందా?"

"ఇది ఎవరిదో గాని, వాళ్ళింట్లోనూ ఆ పొద్దున ఇలాగే గొడవపడి ఉంటారే. నిన్ను కొయ్యనివ్వనని ఒకరు అరిచి ఉంటారు, ఒకరు ఏడ్చి ఉంటారు. చివరికి వస్తామన్నారు." ఆయన ఆవిడ వైపు తిరిగాడు. "మొహం కూడా తెలియని నాకోసం వస్తామన్నారు. నేనేమో ఫోను పెట్టెయ్‌మన్నాను."

కళ్ళవెంట నీళ్ళు ధారకట్టాయి. టీచరమ్మ మంచం అంచున మెల్లగా కూర్చుని, కొంగుతో ఆయన మొహం తుడిచింది.

"చివరికి మీరూ వస్తామన్నారుగా. వాళ్ళకి వినపడింది ఆ మాటే" అంది. "ఇక ఊరుకోండి. ఏడిస్తే కుట్లు లాగుతాయి."

"నువ్వు ఏడవట్లేదూ?"

"నా కుట్లు, నా ఇష్టం."

ఆయనకు నవ్వాగలేదు. ఆయన్ని చూసి ఆవిడా నవ్వింది. "అమ్మో" అని ఒకరు, "అబ్బా" అని ఒకరు, ఇద్దరూ పొట్టలు పట్టుకున్నారు. చప్పుడు విని పరిగెత్తుకొచ్చిన నర్సు, "ఏమైందండీ, గొడవా?" అని అడిగింది.