ఘాట్ రోడ్డు మీద మూడో గేరు

ఆ ఉదయం వంటింట్లో కుళాయి కారడం మొదలుపెట్టి, హైమవతి గిన్నె తెచ్చి కింద పెట్టేలోపే మానేసింది. లోపలి స్వస్థరేణువులు ఎక్కడ అరిగిందో కనిపెట్టి పూడ్చేసి ఉంటాయి. ఆవిడ ఖాళీ గిన్నె పట్టుకుని కాసేపు నిలబడి, దాన్ని మళ్లీ బోర్లించింది.

స్వస్థరేణువులు వచ్చి ఒక తరం దాటింది. కంటికి కనిపించని ఈ పొడిని ఫ్యాను నుంచి చెప్పుల దాకా ప్రతి వస్తువులోనూ తయారీలోనే కలిపేస్తారు. వస్తువు చెడబోతోందని వీటికి ముందే తెలుస్తుంది. బతుకు సుఖపడిందని అందరూ ఒప్పుకుంటారు, హైమవతి కూడా ఒప్పుకునేది. కాకపోతే కుళాయిలు బాగుచేసేవాళ్లూ, కరెంటు పనివాళ్లూ ఇంటికి వచ్చిపోతుండేవారని, వాళ్ల వెంట ఊళ్లో కబుర్లు కూడా వచ్చేవని ఆ పొడిని కనిపెట్టిన మేధావులకు తట్టలేదు. పని లేకుండా ఇంకొకరి గుమ్మం ఎక్కడం ఇప్పుడు మర్యాద కాదు. దారుల మీద డ్రైవరు లేకుండా తిరిగే స్వయంబండి కూడా ఏ పని మీద వెళుతున్నారో చెప్పందే తలుపు తీయదు. హైమవతి ఇంటి కాలింగ్ బెల్‌లోనూ రేణువులున్నాయి. దాన్ని నొక్కేవాళ్లు లేకపోయినా దాని ఆరోగ్యం మాత్రం దివ్యంగా ఉంది.

ఆవిడకు యాభై దాటాయి. పెళ్లి చేసుకోలేదు. అనంతగిరి కొండ మీద వాతావరణ రాడార్ కేంద్రంలో ఉద్యోగం. రాడార్ తన పని తనే చూసుకుంటుంది. అక్కడ మనిషి ఒకరుండాలన్న పాత నియమాన్ని ఎవరూ కొట్టేయలేదు కనుక ఆవిడ ఉంది. ఆవిడకున్న వస్తువుల్లో రేణువులు లేనిది ఒక్క కారే. స్వయంబండ్లు రాకముందు కాలం నాటిది, చెరకు స్పిరిట్‌తో నడుస్తుంది. స్టీరింగ్ మనిషి తిప్పాలి, గేర్లు మాత్రం దానంతటదే మార్చుకుంటుంది. మార్చుకోవాలి అనడం న్యాయం.

కిందటి వానాకాలంలో ఘాట్ ఎక్కుతుండగా రెండో గేరు నుంచి మూడో గేరుకు పోయే చోట ఇంజిన్ గట్టిగా అరిచింది. బండి మాత్రం ముందుకు పోలేదు. తర్వాత వెనకనుంచి ఎవరో తన్నినట్టు ఒక్క కుదుపుతో గేరు అందుకుంది. ఇలాంటి బండ్లు చూసే మెకానిక్ కొండ కింద ఎస్.కోటలో ఒక్క నూకరత్నమే మిగిలింది. నలభయ్యేళ్ల మనిషి, తండ్రి వదిలిపోయిన షెడ్డును ఒక్కతే నడుపుకుంటోంది. కబురందుకుని ఆమె కొండ మీదికి వచ్చినప్పుడు బండి చల్లగా ఉంది, గేర్లన్నీ బుద్ధిగా పడ్డాయి.

"సల్లగా ఉంటే తెలీదు మేడం. వేడెక్కాక సూద్దాం, నడపండి" అంది రత్నం.

అలా ఆ మధ్యాహ్నమంతా కాఫీ తోటల మధ్య ఎక్కుతూ దిగుతూ గడిచింది. రత్నం అరచెయ్యి గేరు కడ్డీ మీద వేసి, కళ్లు మూసుకుని, బండి ఎక్కడ తడబడుతుందో వినేది. విననప్పుడు మాట్లాడేది. తండ్రి పోయాక షెడ్డులో రేడియో ఆపడం లేదని చెప్పింది. తెల్లవారితే మబ్బులను తప్ప మరెవర్నీ చూడనని హైమవతి నవ్వుతూ చెప్పింది, చెప్పాక నవ్వు రాలేదు. బండి జబ్బు బయటపడేసరికి మేడం పోయి అప్పా అయింది. అటువైపు పెద్దక్కను అలాగే పిలుస్తారు. గేర్‌బాక్స్ సీలు ఎండిపోయి ఆయిల్ కారుతోందని రత్నం కనిపెట్టి కొత్త సీలు వేసింది.

బండి బాగైంది. అక్కడితో రత్నం రావడం ఆగిపోయింది. నెలల తరబడి ఎవరూ రాలేదు. ఒకసారి ఉండబట్టలేక హైమవతి సేవా కేంద్రానికి ఫోన్ చేస్తే, ఏ వస్తువు చెడిందని అవతలి యంత్రం అడిగింది. ఏదీ చెడలేదని చెప్పింది. చాలా సంతోషమని చెప్పి యంత్రం పెట్టేసింది.

ఆ మర్నాడే ఆవిడ బానెట్ ఎత్తి, ఆయిల్ మట్టం చూసే కడ్డీ బయటికి లాగి, ఆ రంధ్రంలోకి సన్నటి గొట్టం దించి, గ్లాసుడు గేర్ ఆయిల్ తోడేసింది. ఘాట్ మీద బండి మళ్లీ తడబడింది, రత్నం మళ్లీ వచ్చింది. ఆయిల్ పోసి, వేడెక్కాక చూడాలంటూ మళ్లీ పూటంతా పక్కన కూర్చుంది. ఇంత సుఖం ఒక గ్లాసు ఆయిల్‌కు దొరుకుతుందని హైమవతి అనుకోలేదు.

కుళాయి దానంతటదే బాగుపడిన ఈ ఉదయం ఆవిడ ఆ గొట్టం మళ్లీ తీసింది.

మధ్యాహ్నానికి రత్నం వచ్చింది. ఈసారి చేతిలో ఒక డబ్బా ఉంది. ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి, ఆయిల్ కడ్డీ లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీసి చూసింది. వాసన చూసి మొహం చిట్లించింది. ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ మాడిన బెల్లం రంగుకు తిరిగింది.

"ఆయిల్ సాలక లోపల ప్లేట్లు కాలిపోతన్నాయప్పా. ఇలాగే నడిపితే ఏదో రోజు ఎత్తులో బండి ఎనక్కి జారిపోద్ది. లోపల మీరుంటారు."

తర్వాత బండి కిందికి దూరి చాలాసేపు రాలేదు. హైమవతికి దొరికిపోతానేమోనని భయం, దొరికిపోతే బాగుండునని కూడా ఉంది. రత్నం బయటికి వచ్చి వీపు దులుపుకుంది. దుమ్ము రాలింది తప్ప ఎక్కడా ఆయిల్ మరక లేదు.

కొత్త నిబంధన వచ్చిందని చెప్పింది. బండిలో ఉండే సాక్షిక అనే పరికరం ఏ లోపం కనిపించినా రహదారి మండలికి చేరవేస్తుంది. ఏడాదిలో మూడుసార్లు చేరితే బండిని కరుగుశాలకు తోలుకుపోతారు. సీలు పోయినప్పటిది నిబంధనకు ముందుది కనుక ఇప్పటికి రెండయ్యాయి. అందుకే ఈ డబ్బా తెచ్చిందట. పేరు జీవతైలం, పాత బండ్ల కోసం ఈమధ్యే వచ్చింది. పోస్తే అందులోని రేణువులు కాలిన ప్లేట్లను కూడా మాన్పుతాయి, తోడినా కారినా మట్టం తగ్గకుండా తమను తామే పెంచుకుంటాయి. ఇక ఈ గేర్‌బాక్స్‌కు చావు లేదు.

వద్దనే మాట హైమవతికి నోటిదాకా వచ్చింది. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. తనింట్లో చెడిపోగలిగింది ఇదొక్కటే మిగిలిందని ఏ మొహంతో చెబుతుంది? రత్నం గరాటా పెట్టి డబ్బా వంచింది. తైలం శబ్దం లేకుండా దిగిపోయింది.

ఆ రోజు ఒక్కసారి ఎక్కి దిగితే సరిపోయింది. మూడో గేరు ఎప్పుడు పడిందో కూడా తెలియలేదు. స్వయంబండి ఎక్కుతూ రత్నం "ఇంక నాతో పనుండదప్పా" అని నవ్వింది. బండి మలుపు తిరిగిపోయాక హైమవతి గుమ్మంలో కూర్చుని ఏడ్చింది.

వానలు వెనకపట్టాయి, కాఫీ కాయలు ఎర్రబడ్డాయి. కారు నిక్షేపంలా ఉంది. ఆవిడ రోజూ స్టార్ట్ చేసి, వినడానికి ఏమీ లేక ఆపేసేది. ఒక ఆదివారం మాత్రం ఆపలేదు. గేటు దాటించి ఘాట్ దిగడం మొదలుపెట్టింది. నిన్ను చూద్దామని వచ్చాను, నిన్ను చూద్దామని వచ్చాను అని దారి పొడుగునా వల్లించుకుంది. ఎవరికైనా ఆ మాట చెప్పి ఎన్నేళ్లయిందో ఆవిడకే గుర్తులేదు.

షెడ్డులో బాగుచేయడానికి ఒక్క బండీ లేదు. రేడియో మోగుతోంది. రత్నం గబుక్కున లేచి వచ్చింది, చెయ్యి అలవాటుగా బానెట్ మీదికి పోయింది.

"ఏటైందప్పా?"

వల్లించిన మాటకు బదులు వేరే మాట వచ్చింది. "మూడో గేరు దగ్గర కొంచెం పట్టేస్తోంది రత్నం" అంది హైమవతి.

జీవతైలం పోసిన గేరు పట్టేయదు. అది ఇద్దరికీ తెలుసు. రత్నం బానెట్ మీంచి చెయ్యి తీసి, శుభ్రంగా ఉన్న చేతులనే ఒకసారి గుడ్డకు తుడుచుకుని, రేడియో ఆపి వచ్చి పక్క సీట్లో కూర్చుంది.

"వేడెక్కాక సూద్దాం. నడపండి."

బండి ఘాట్ ఎక్కింది. గేర్లు ఒకదాని తర్వాత ఒకటి మెత్తగా పడుతున్నాయి. రత్నం గేరు కడ్డీ మీద చెయ్యి వేసింది కానీ కళ్లు మూసుకోలేదు. కాఫీ తోటల దగ్గర బయటికి చూస్తూ అంది.

"నేను సీలు మార్సేక బండి కింద ఒక్క సుక్క కూడా కారనేదప్పా. రెండోసారి వచ్చినప్పుడూ సూసేను, తైలం పోసిన్నాడూ సూసేను."

హైమవతికి రోడ్డు మసకబారింది. బండి పక్కకు తీసి ఆపింది. "తెలిసీ ఆ తైలం ఎందుకు పోశావు?" అని అడిగింది.

"బండి పోతే మీరు కొండ దిగడం ఎలాగ? నేను రావాలంటే పనుండాల. మీరు రావాలంటే బండుంటే సాలు కదా అనుకున్నాను." రత్నం ఆవిడ వైపు తిరిగింది. "రోజూ షెడ్డు ముందు మలుపు కేసే సూసేదాన్ని. ఇన్నాళ్లు పట్టింది మీకు."

హైమవతి కొంగుతో కళ్లు తుడుచుకుని బండి కదిలించింది. కొండ పైదాకా వెళ్లారు. గేరు ఒక్కచోట కూడా పట్టేయలేదు. ఇంటి గేటు కనిపించగానే ఆవిడ స్టీరింగ్ తిప్పేసింది.

"ఇంకా వేడెక్కలేదు రత్నం. ఇంకోసారి దిగి ఎక్కుదాం" అంది.