లాంజ్ పాటకి లాంచీ గొంతు

"మీ గొంతు ఈ రోల్‌కి సూటవదండీ."

నాగలక్ష్మితో నేను మాట్లాడిన మొట్టమొదటి మాట ఇది. కనీసం కాఫీ తాగుతారా అని కూడా అడగలేదు. ప్రేమకథలో హీరో ఇలా మొదలుపెట్టకూడదని నాకూ తెలుసు. కానీ అప్పటికి నేను హీరోని కాదు, మ్యూజిక్ డైరెక్టర్ని. పేరు సాయిగణేష్. నా చెవి తప్పు చెప్పదు. గొప్పలు చెప్పుకుంటున్నానని మీరనుకుంటే అనుకోండి, గొప్పే.

భవానీపురంలో మా ఇంటి మేడ మీద గదే నా స్టూడియో. అందులో పాడేవాళ్ళ కోసం చిన్న అద్దాల గది కట్టించాను. ఆ అమ్మాయి మైకు ముందు నిలబడి పల్లవి ఎత్తుకుందో లేదో, నా కంప్యూటర్లో చప్పుడు కొలిచే మీటరు ఎర్రగా వెలిగింది. కింద వంటింట్లోంచి మా అమ్మ "ఏమైందిరా?" అని కేకేసింది.

నా పక్కన ఫిన్నీ ఉన్నాడు. వాడు నా క్లాస్‌మేటు, ఇప్పుడు మా సినిమాకి డైరెక్టరు. ఇద్దరికీ ఇదే మొదటి సినిమా. బందరు రోడ్డులో ఒక పెద్ద హోటలు, అందులో సాయంత్రం పూట పాటలు పాడే అమ్మాయి, ఆమె చుట్టూ కథ. నటన చూసి నాగలక్ష్మిని తీసుకున్నాడు ఫిన్నీ. గొంతు సంగతి మాత్రం నాకొదిలేశాడు. ఆమె గొంతు కుదరకపోతే పాడ్డానికి హైదరాబాద్‌లో ఒక సింగర్ని సిద్ధంగా ఉంచాడు.

నాగలక్ష్మి హెడ్‌ఫోన్స్ తీసి, తలుపు తోసుకుని బయటికొచ్చింది.

"ఎందుకు సూటవదో చెప్పండి. శ్రుతి తప్పానా?"

"లేదు."

"తాళం?"

"అదీ లేదు."

"మరింకేంటండీ మీ బాధ?"

"మరీ గట్టిగా పాడారు."

"పాడనా మరి! గట్టిగా పాడకపోతే ఇంజన్ చప్పుడులో ఎవరికి వినపడుద్ది?"

నేను ఫిన్నీ వంక చూశాను. వాడు నా వంక చూశాడు.

"ఇంజనేంటండీ?" అన్నాను.

"లాంచీ ఇంజనండీ! హీరోయిన్ లాంచీ సింగరని మీ డైరెక్టరు గారే కదా ఫోన్లో చెప్పింది! అందుకే రోజూ పున్నమి ఘాట్‌కి పోయి, భవానీ ద్వీపానికెళ్ళే లాంచీ ఎక్కి, ఇంజను పక్కనే నిలబడి ప్రాక్టీసు చేశా. టూరిస్టులు వన్స్‌మోర్ కూడా అన్నారు."

"లాంచీ కాదు నాగలక్ష్మి గారూ, లాంజ్," అన్నాడు ఫిన్నీ నీరసంగా. "పెద్ద హోటళ్ళలో సోఫాలేసి ఉంటాయి చూశారూ, అదన్నమాట. అక్కడ మెల్లగా పాడతారు."

నవ్వు ఆపుకుందామని నిజంగానే ప్రయత్నించాను. నా వల్ల కాలేదు. కుర్చీలోంచి జారి కిందపడినంత పనైంది.

"నవ్వండి, బాగా నవ్వండి. నాగాయలంకలో పుట్టి పెరిగినదాన్ని. మా నాన్నకి పడవలున్నాయి. నాకు లాంచీ తెలుసుగానీ లాంజ్ ఎట్టా తెలుస్తది? ముందే కథ చెప్పుంటే ఈ గోలుండేదా?"

కథ చెబితే లీకవుతుందని ఫిన్నీ భయం. మా కథని ఎవరు దొంగిలిస్తారని అనుకున్నాడో వాడికే తెలియాలి.

ఆమె బ్యాగు భుజాన వేసుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"ఒక్క మాటండీ. పోయిన సినిమాలో నాకు వేరే ఎవరితోనో డబ్బింగ్ చెప్పించారు. మా అమ్మ వీధిలో అందర్నీ వెంటేసుకుని అవనిగడ్డ వెళ్ళి చూసింది. సగంలో లేచి నిలబడి, 'ఎవరే అది, నా కూతురి నోట్లోంచి మాట్లాడేది?' అని హాల్లోనే అడిగేసింది. అందరూ నవ్వారు. అమ్మ ఇంటికొచ్చి ఏడ్చింది. ఈసారి నా గొంతు లేకపోతే నేనూ ఉండను. వేరేవాళ్ళని చూసుకోండి."

నా నవ్వు టక్కున ఆగిపోయింది. సిగ్గేసింది కూడా.

"సోమవారం షూటింగురా బాబూ," ఫిన్నీ నా చెవిలో గొణిగాడు. "శనివారంలోగా పాట నా చేతిలో ఉండాలి. కుదరదంటే హైదరాబాద్‌కి ఫోన్ చేసేస్తా. ఈ అమ్మాయి పోతే పోనీ."

వాడి మాట పట్టించుకోకుండా నేను బండి తాళాలు తీసుకున్నాను.

"రండి, లాంజ్ చూపిస్తా."

"దేనికి? సూటవదన్నారుగా!"

"సూటవదన్నాను. నేర్చుకోలేరని అన్లేదు."

"మీరు నేర్పితే వచ్చేస్తదా?"

"నేను నేర్పితే రాకుండా ఎక్కడికి పోతుందండీ?"

"అబ్బో!" అంది గానీ, మెట్లు మాత్రం నాకంటే ముందే దిగింది.

బందరు రోడ్డులో ఆ హోటలు లాంజ్‌లో ఒక పెద్దాయన కీబోర్డు మీద పాత పాటలు వాయిస్తున్నాడు. ఒకావిడ ఫోన్లో చీరలు చూసుకుంటోంది. ఇద్దరు రియల్ ఎస్టేటు వాళ్ళు సెంటు రేటు మీద కొట్టుకుంటున్నారు. మేం ఒక మూల సోఫాలో కూర్చున్నాం.

"ఎవరూ వినట్లేదండీ," అంది నాగలక్ష్మి చాలాసేపటికి. ఆమె గొంతు అంత చిన్నదవడం అప్పుడే చూశాను.

"అదే ఈ రోల్‌లో కష్టం. వాళ్ళ కబుర్లకి అడ్డురాకుండా పాడాలి. ఎవరో ఒక్కళ్ళు తలెత్తుతారు. ఇక ఆ ఒక్కళ్ళకే పాడాలి."

పెద్దాయన పాట ముగించగానే నాగలక్ష్మి లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. పాపం, ఆయన ఉలిక్కిపడి చుట్టూ చూశాడు. తర్వాత కళ్ళజోడు సర్దుకుని, మా వైపు తిరిగి ఇంకో పాట మొదలుపెట్టాడు. ఈసారి చాలా బాగా వాయించాడు.

బయటికొచ్చేసరికి వాన దంచుతోంది. బండి దగ్గరికి వెళ్ళే వీల్లేక పక్కనున్న చెప్పుల షాపు రేకు కిందకి పరిగెత్తాం. రేకు మీద వాన చప్పుడుకి మాట వినిపించడం లేదు.

"ఏదీ, మన పల్లవి ఒకసారి అనండి," అని అరిచాను.

ఆమె అరవలేదు. దగ్గరికొచ్చింది. నా చెవి పక్కన మెల్లగా పాట అందుకుంది.

లాంచీ మీద పాడి పాడి కొంచెం బొంగురుపోయిన గొంతు, తడిసిన జుట్టు, చెవికి తగిలే ఊపిరి. నాకు ఒళ్ళు ఝల్లుమంది. నా ట్యూన్ నాకే కొత్తగా వినిపించింది. నాగలక్ష్మి అంటే ఇష్టం మొదలైంది అక్కడే. దీంట్లో నాన్చడానికేం లేదు.

"ఈ గొంతు ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారండీ?"

"దాచలేదండీ. ఇంత దగ్గర ఎవరూ నిలబడలేదు."

అనేసింది. అన్నాక ఏమన్నదో అర్థమై, గబుక్కున అడుగు వెనక్కేసి నేరుగా వానలోకి వెళ్ళిపోయింది.

"తడుస్తారు, ఇటు రండి!"

"చేపలోళ్ళ పిల్లకి వానేంటండీ!" అని నవ్వింది. లోపలికి మాత్రం రాలేదు.

ఇక గెలిచేశామనుకున్నాను. శనివారం మైకు ముందు నిలబడగానే మళ్ళీ మొదటికొచ్చింది. పల్లవి మెల్లగా ఎత్తుకుంటుంది, చరణానికొచ్చేసరికి గొంతు పెరిగిపోతుంది. ఎన్నిసార్లు పాడించినా అంతే. మా అమ్మ ఈసారి కిందనుంచి కేకెయ్యడం కూడా మానేసింది.

ఫిన్నీ ఫోన్ తీశాడు. "సారీరా. హైదరాబాద్‌కి చెప్పేస్తున్నా."

అద్దం అవతల నాగలక్ష్మి ఆ ఫోన్ చూసింది. ఏడవలేదు. హెడ్‌ఫోన్స్ తీసి స్టాండుకి తగిలించింది. నేను లోపలికి వెళ్ళాను.

"ఏమవుతోంది మీకు? మొన్న వానలో పాడారుగా!"

"మొన్న మీరు పక్కనున్నారు. ఇప్పుడు అద్దం అవతల బొమ్మలా కూర్చున్నారు. వింటున్నారో లేదో తెలీట్లేదు." కొంచెం ఆగి అంది, "ఇంట్లో నేను పాడుతుంటే మా అమ్మ చేపలు బాగుచేస్తా ఊఁ కొడతది, కథ విన్నట్టు. ఊఁ ఆగిపోతే వినట్లేదని నేను గొంతు పెంచేస్తా. చిన్నప్పట్నుంచీ అదే అలవాటు."

ఇంతసేపూ ఈ ముక్క చెప్పదేం! బయటికెళ్ళి కంప్యూటర్ దగ్గర ఫిన్నీని కూర్చోబెట్టాను.

"నేనూ లోపలుంటాను. నువ్వు రికార్డు నొక్కు."

"పాడేటప్పుడు లోపల ఇంకో మనిషి ఉండకూడదన్నది నువ్వే కదరా!"

"నేనే. ఇప్పుడు ఉండొచ్చంటున్నది కూడా నేనే."

మైకుకి అటు ఆమె, ఇటు నేను.

"నవ్వనంటేనే పాడతా," అంది.

"నవ్వను."

పాడింది. మొదట నా చొక్కా బొత్తాం చూస్తూ, తర్వాత నన్నే చూస్తూ పాడింది. నేను ప్రతి లైనుకీ తలూపుతున్నాను. చరణంలో ఒకచోట మాటని సాగదీసి, ఇక చాలన్నట్టు వదిలేసింది. అంతే, నన్ను నేను మరిచిపోయాను.

"ఊఁ," అన్నాను.

అద్దం అవతల ఫిన్నీ నెత్తి కొట్టుకున్నాడు. నాగలక్ష్మి ఆగలేదు. పాటలోనే నవ్వింది, ఆ నవ్వుతోనే చివరి లైను దాకా వెళ్ళింది. గొంతు ఎక్కడా పెరగలేదు.

ఇద్దరం బయటికొచ్చి పాట విన్నాం. ఫిన్నీ ఇంకోసారి ప్లే నొక్కాడు.

"ఊఁ తీసేసి ఇంకో టేక్ చేద్దామా?" అన్నాను.

"తీస్తే చంపేస్తా. ఆ లాంజ్‌లో ఒక్కడు విన్నాడని జనానికి తెలియొద్దా?" అంటూ వాడు ఫోన్ పట్టుకుని మెట్ల మీదకి నడిచాడు, హైదరాబాద్‌కి వద్దని చెప్పడానికి.

"ఈ రోల్‌కి ఈ గొంతే," అన్నాను నాగలక్ష్మితో. "మొన్న సూటవదన్నవాణ్ణి నేనే. ఇప్పుడు ఇంకెవరిదీ సూటవదంటున్నాను."

ఆమె కళ్ళు నిండాయి. వెంటనే పాటని వాళ్ళమ్మకి పంపించింది. కాసేపటికి ఫోన్ మోగింది. స్పీకర్ ఆన్ చేసింది.

"అది నువ్వేనే!" వాళ్ళమ్మ గంగారత్నం గారి గొంతు గది నిండా మోగింది. ఈ గొంతు ఎక్కడినుంచి వచ్చిందో నాకప్పుడు తెలిసింది. "నా కూతురేనే! మీ నాన్నకి కూడా వినిపించా. కళ్ళు తుడుచుకుంటన్నాడు. అది సరేగానీ, మధ్యలో ఊఁ కొట్టిందెవరు?"

నాగలక్ష్మి ముఖం ఎర్రబడింది. ఫోన్ నా ముందు పెట్టి, "మీరే చెప్పుకోండి," అంది.

"నేనండీ. సాయిగణేష్ అంటారండీ. ఈ సినిమాకి మ్యూజిక్ డైరెక్టర్ని."

"మా అమ్మాయి నోరు ఊరుకోదు బాబూ. పొద్దస్తమానం ఏదోటి చెబుతానే ఉంటది. ఊఁ కొట్టడం ఈ ఒక్క పాటకేనా, ఎప్పుడూ కొడతావా?"

నాకు భయం వెయ్యలేదు. నిజం చెప్పడానికి భయమెందుకు?

"ఎప్పుడూ కొడతానండీ. మీ అమ్మాయి ఊఁ అంటే."

"ఏమ్మా?" అందావిడ కూతురితో.

నాగలక్ష్మి నా వంక చూసింది. తల దించుకుంది. మళ్ళీ చూసింది.

"ఊఁ," అంది.

ఎంత మెల్లగా అందంటే, పక్కనే ఉన్న నాకే సరిగ్గా వినపడలేదు. నాగాయలంకలో మాత్రం వినపడింది.