పంతొమ్మిదో తప్పు

బుధవారం ఉదయం 9:05. ఇంకా విడుదల కాని ఒక కుటుంబ హాస్యచిత్రంలోని తప్పుల లిస్టు ఫొటోలతో సహా ఇంటర్నెట్‌లోకి ఎక్కింది.

మొత్తం పంతొమ్మిది తప్పులు.

9:40. ఎడిటింగ్ గది పక్కనున్న స్టీలు బీరువా తెరిచి చూశారు. అందులో ఉండాల్సిన నీలం అట్ట రిజిస్టర్ లేదు. తాళం మాత్రం చెక్కుచెదరలేదు.

10:15. ఆ రిజిస్టర్ రాసే మనిషిని డైరెక్టర్ పిలిచి ఒక్క ముక్కలో తేల్చేశాడు.

"సాయంత్రం అయిదింటికి టైటిల్స్ లాక్ చేస్తున్నాం. వాటిలో మీ పేరు ఉండదు."

ఆ మనిషిని యూనిట్‌లో అందరూ గుర్తుల మాస్టారు అంటారు. సినిమాను ముక్కలు ముక్కలుగా తీస్తారు. ఇవాళ గుమ్మం దాటిన హీరో ఆ గదిలో అడుగు పెట్టేది పదిహేను రోజుల తర్వాత. అప్పుడు అదే చొక్కా ఉండాలి, ఊడిన గుండీ అదే అయ్యుండాలి. దాన్నే కంటిన్యుటీ అంటారు. ముప్పై ఒక్కేళ్ళుగా మాస్టారి పని అదే. పంతొమ్మిది తప్పులు వదిలేశాడన్న పేరు వస్తే ముప్పై రెండో ఏడు ఎవరూ పిలవరు.

11:00. నిర్మాత ఫోన్ చేసి పిలిపించిన ప్రైవేట్ డిటెక్టివ్ వచ్చింది. పోలీసు శాఖలో ఇరవై ఏళ్ళు చేసి బయటికి వచ్చిన మనిషి. సినిమా హాల్లో పట్టినంత నిద్ర ఇంకెక్కడా పట్టదని ఆమె గట్టి నమ్మకం.

ముందు లిస్టు చదివింది.

ఒకటి. సీన్ 4. బామ్మ కళ్ళజోడుతో కూర్చుంది, లేచేటప్పుడు కళ్ళజోడు లేదు. ఉండాలి.

మూడు. సీన్ 9. అల్లుడు టీ తాగేకొద్దీ గ్లాసులో టీ పెరుగుతోంది. తగ్గాలి.

ఏడు. సీన్ 15. గోడమీది క్యాలెండర్‌లో జూన్ నెలకు ముప్పై ఒకటో తేదీ ఉంది. ఉండకూడదు.

పన్నెండు. సీన్ 22. కోడలికి పదకొండు నెలలుగా ఏడో నెలే నడుస్తోంది. మారాలి.

డిటెక్టివ్ నవ్వింది. ఉద్యోగంలో ఉండగా ఇలా నవ్వినట్టు ఆమెకు గుర్తు లేదు. లిస్టు చివరికి వచ్చింది.

పంతొమ్మిది. సీన్ 31. తండ్రి గది తలుపు లోపలికి తెరుచుకుంటోంది. ఆ తలుపు బయటికి తెరుచుకునేది.

ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. పద్దెనిమిది తప్పులకు ఫొటోలున్నాయి. దీనికి లేదు.

మాస్టారు వరండాలో ఒక చెక్క స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో చేతులు ఏం చేయాలో తెలియనట్టున్నాయి.

"రిజిస్టర్ చివరిసారి ఎప్పుడు చూశారు?"

"నిన్న, మంగళవారం. పదిన్నరకి బీరువాలో పెట్టి తాళం వేశాను."

"తాళంచెవి?"

మెడలోంచి నల్లదారం బయటికి లాగి చూపించాడు. "స్నానానికి కూడా తీయను."

"ఎవరికైనా ఇచ్చారా?"

"లేదండీ. ఎవరికీ ఇవ్వలేదు."

"నకలు?"

"లేదు. ఒక్కటే."

"అయితే దొంగ మీరే అవ్వాలి కదా?"

మాస్టారు తల దించుకున్నాడు. "ఆ రిజిస్టర్ పోతే మునిగేది నేనేనమ్మా. అందులో నేను పద్దెనిమిది తప్పులూ ఫొటోలు అంటించి రాసుకున్నాను. షూటింగ్ రోజే డైరెక్టర్‌గారికి చూపించాను. పర్లేదు, నవ్వుల్లో కొట్టుకుపోతాయి అన్నారు. ప్రతిదాని పక్కనా ఆయన సంతకం ఉంది. అది ఉంటేనే నా మాటకి విలువ."

"లిస్టులో పంతొమ్మిది ఉన్నాయి."

"పంతొమ్మిదోది నాది కాదు. సినిమా మొత్తంలో ఆ తలుపు లోపలికే తెరుచుకుంటుంది. ఎక్కడా తేడా లేదు. తేడా లేనప్పుడు తప్పెలా అవుతుంది?"

డిటెక్టివ్ ఆ మాట తన పుస్తకంలో రాసుకుంది.

డైరెక్టర్‌కు ముప్పై నాలుగేళ్ళు. మొదటి సినిమా. రెండు ఫోన్లలో మాట్లాడుతూ మూడో మనిషికి సైగ చేస్తున్నాడు.

"పద్దెనిమిది సంతకాలు పెట్టారట?"

"రోజుకి నలభై కాగితాల మీద పెడతాను. గుర్తులేదు."

"ఒక్కటి కూడా?"

"మేడమ్, నా సినిమా నవ్వులపాలైంది. ఎవరి పని అది? ఆయనది. అయిపోయింది."

నవ్వుల సినిమా తీసి నవ్వులపాలయ్యానని ఏడవడం డిటెక్టివ్‌కు వింతగా తోచింది. ఆ మాట పైకి అనలేదు.

"ఈ కథ ఎక్కడిది?"

"మా ఇంట్లోదే. మా నాన్న మీద."

ఎడిటర్‌ది చీకటి గది, చల్లటి కాఫీ. "నన్ను అనుమానించండి, సంతోషం," అన్నాడతను. "కోతలన్నీ నావే. తప్పులు బయటపెట్టి నా ముక్కు నేనే కోసుకుంటానా? అయినా ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు."

"సినిమా వేయండి. సౌండ్ తీసేసి."

"సౌండ్ లేకపోతే కామెడీ ఏం కనిపిస్తుంది?"

"అదే చూద్దాం."

12:30కు సీన్ 31 వచ్చింది. ఇస్త్రీ ప్యాంటు, చేతిలో తోలు సంచి, ఆఫీసుకు తయారైన తండ్రి. ఉద్యోగం పోయి చాలాకాలమైంది, ఆ సంగతి ఆయన మర్చిపోతుంటాడు. గదిలోంచి బయటికి రావాలని తలుపు తోస్తున్నాడు. అది లాగాల్సిన తలుపు. భుజంతో తోశాడు, వీపుతో తోశాడు. భోజనాల బల్ల దగ్గర కుటుంబమంతా పొట్టలు పట్టుకుని నవ్వుతోంది.

శబ్దం లేకుండా చూస్తే డిటెక్టివ్‌కు నవ్వు రాలేదు. ఒక ముసలాయన బయటికి వెళ్ళాలని తోస్తున్నాడు, అంతే.

"మొన్న సోమవారం ప్రివ్యూలో ఈ సీన్‌కే హాలు హోరెత్తింది," అన్నాడు ఎడిటర్. "ఒక్క అక్క మాత్రం మధ్యలో లేచి వెళ్ళిపోయింది. తలనొప్పన్నారు."

"అక్క ఎవరు?"

"డైరెక్టర్‌గారి సొంత అక్క. కాస్ట్యూమ్స్ చూస్తారు."

కాస్ట్యూమ్ గది తలుపు సగమే తెరుచుకుంది. వెనకాల ఎవరో ఆనుకుని ఉన్నారు. జరిగి దారిచ్చింది అక్క. నలభై దాటిన మనిషి, మెడలో టేపు. డిటెక్టివ్ లోపలికి రాగానే తలుపు మూసి మళ్ళీ దానికే వీపు ఆనించింది. రెండు పాదాలూ నేలకు తన్నిపెట్టి నిలబడింది.

"కూర్చోండి."

"నాకిలాగే అలవాటు."

"సోమవారం ప్రివ్యూలోంచి ఎందుకు వెళ్ళిపోయారు?"

"తలనొప్పి."

"సీన్ 31 షూటింగ్ రోజు ఎక్కడున్నారు?"

"బట్టలు కొనడానికి పంపించాడు తమ్ముడు. నాలుగు గంటల ప్రయాణం."

"సినిమా మీ ఇంటి కథేనట?"

"మా తమ్ముడి కథ," అంది అక్క. "నేను గుండీలు కుట్టాను."

"మాస్టారు ఎలాంటి మనిషి?"

అక్క చటుక్కున తలెత్తి, మళ్ళీ దించుకుంది. "దేవుడులాంటివాడు. అన్నయ్యా అని పిలుస్తాను."

4:10. ప్రివ్యూ థియేటర్. ముందు వరసలో డైరెక్టర్, పక్కన అక్క. వెనక ఎడిటర్. చివరి కుర్చీలో మాస్టారు, పిలవని పేరంటానికి వచ్చినట్టు. టైటిల్స్ లాక్ చేయడానికి యాభై నిమిషాలు.

డిటెక్టివ్ తెర ముందు నిలబడింది.

"లిస్టు రాసిన మనిషి చేతిలో రిజిస్టర్ ఉంది. ఫొటోలు అందులోవే. కానీ పంతొమ్మిదో తప్పు రిజిస్టర్‌లో లేదు. ఎందుకు లేదు మాస్టారూ?"

"సినిమాలో ఆ తప్పు లేదు కాబట్టి."

"మిగతా తప్పులు రిజిస్టర్‌లో ఉన్నట్టే దించారు. ఉండాలి, తగ్గాలి, మారాలి. ఈ ఒక్కదాని దగ్గరే మాట మారింది. తెరుచుకోవాలి అని రాయలేదు. 'ఆ తలుపు బయటికి తెరుచుకునేది' అని రాశారు. తెరుచుకునేది. ఎప్పుడు? ఏ తలుపు? సెట్‌లో తలుపు వడ్రంగి కొత్తగా చేసింది. దానికి నిన్న అనేదే లేదు. కాబట్టి ఈ మాట రాసిన మనిషి సినిమాని చూడట్లేదు. ఒక ఇంటిని చూస్తోంది."

డైరెక్టర్ మెల్లగా పక్కకు తిరిగాడు.

"ఇక తాళంచెవి," అంది డిటెక్టివ్. "మాస్టారూ, నిన్న ఎవరికీ ఇవ్వలేదన్నారు."

"ఇవ్వలేదండీ."

"అక్కకి?"

"అక్కకా? ఆ, అక్కకి పదకొండింటికి ఇచ్చాను. సేఫ్టీ పిన్నుల డబ్బా బీరువాలో..."

మాట సగంలో ఆగిపోయింది. మాస్టారి చెయ్యి దానంతటదే మెడలోని నల్లదారం మీదికి వెళ్ళింది. అక్క వైపు చూశాడు. ఆమె చూడలేదు.



"అక్కా," అన్నాడు డైరెక్టర్. "నా సినిమాని నువ్వే ముంచావా? నా సొంత అక్కవై ఉండి?"

"మాటిచ్చావు," అంది అక్క. గొంతు పెరగలేదు. "కథ రాసేటప్పుడే అడిగాను. ఏమైనా రాసుకో, నాన్న తలుపు సంగతి మాత్రం వద్దన్నాను. సరేనన్నావు. నన్ను బట్టలకి పంపించి అదే తీశావు. నేను ఇస్త్రీ చేసిన ప్యాంటే వేసి తీశావు."

"అది మన ఇంట్లో అందరం నవ్వుకున్న విషయమే కదా? రోజూ నవ్వేదానివి. నాకు బాగా గుర్తు."

"నీకు ఆరేళ్ళు. పక్క గదిలో కూర్చుని తినేవాడివి. నీకు వినిపించేది, కనిపించేది కాదు." అక్క చేతులు టేపును చుడుతున్నాయి, విప్పుతున్నాయి. "నాన్న రెండుసార్లు లారీ కింద పడబోయాడు. అమ్మ రాత్రి షిఫ్ట్ ముగించుకుని తొమ్మిదింటికి వచ్చేది. ఎనిమిది నుంచి తొమ్మిది దాకా ఆయన్ని బయటికి పోనివ్వకూడదు. గడియ ఊడగొట్టేశాడు. నాకు పద్నాలుగేళ్ళు. బయటినుంచి తలుపుకి వీపు ఆనించి నిలబడేదాన్ని. ఆయన సరిగ్గానే తోసేవాడు. అది తోస్తే తెరుచుకునే తలుపే."

డైరెక్టర్ చేతిలోని ఫోన్ పక్క కుర్చీలో పెట్టాడు.

"నువ్వు పక్క గదిలోంచి అడిగేవాడివి, ఆ చప్పుడేంటక్కా అని. లాగాల్సిన తలుపురా, నాన్న తోస్తున్నాడు అని నవ్వేదాన్ని. నువ్వు భయపడకూడదని. నువ్వు నవ్వేదాకా నవ్వేదాన్ని."

"లాగే తలుపని నువ్వే చెప్పావు," అన్నాడతను. పిల్లవాడి గొంతులా ఉంది. "వడ్రంగికి అదే చెప్పాను."

"నేనే చెప్పాను." అక్క తెర వైపు చూసింది. "సోమవారం నాలుగొందలమంది ఆయన్ని చూసి నవ్వారు. ఆ తప్పు నాదే. తప్పులు బయటపడితే విడుదల ఆగుతుందనుకున్నాను. ఆ సీన్ మళ్ళీ ఎవరూ చూడరనుకున్నాను."

డిటెక్టివ్‌కు జాలి కలిగింది. కానీ ఆమె వచ్చిన పని ఇంకా పూర్తి కాలేదు.

"ఒక్క ప్రశ్న. మాస్టారి పేరు తీసేశారని మీకు ఎప్పుడు తెలిసింది?"

"పదిన్నరకి."

"ఆయన్ని కాపాడే సంతకాలు ఉన్న రిజిస్టర్ మీ దగ్గరే ఉంది. ఇప్పుడు నాలుగున్నర. ఆరు గంటలు."

అక్క నీళ్ళు నమల్లేదు, సాకులు చెప్పలేదు. కుర్చీ కింద నుంచి తోలు సంచి తీసింది. సీన్ 31లో తండ్రి పట్టుకున్న సంచి అది. అందులోంచి నీలం అట్ట రిజిస్టర్ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

డిటెక్టివ్ దాన్ని అందుకుని డైరెక్టర్ ముందు తెరిచింది. పద్దెనిమిది తప్పులు, పద్దెనిమిది సంతకాలు. ప్రతి సంతకం పక్కనా అతని చేతిరాతతోనే 'పర్లేదు' అని ఉంది. అతను ఒక్కొక్క పేజీ తిప్పాడు. గుర్తులేదన్నవన్నీ గుర్తొస్తున్నట్టు చెవులు ఎర్రబడ్డాయి.

"ఎడిటర్," అన్నాడు చివరికి. "మాస్టారి పేరు పెట్టేయ్. సీన్ 31 తీసేయ్."

"తీస్తే కథ అతకదు సార్."

"అతక్కపోయినా తీసేయ్."

4:50. ఎడిటర్ పరిగెత్తాడు. డైరెక్టర్ తల చేతుల్లో పెట్టుకుని కూర్చున్నాడు, అక్కకు ఒక కుర్చీ దూరంలో. ఇద్దరూ ఒకరికి ఒకరు ద్రోహం చేసుకున్నారు. ఇప్పుడు ఎవరు ఎవర్ని ఏమనాలో ఇద్దరికీ తెలియలేదు.

మాస్టారు రిజిస్టర్ తీసుకుని అట్ట తుడిచాడు. ఆయన గుమ్మం దాకా వెళ్ళాక అక్క వెనకే వెళ్ళింది.

"అన్నయ్యా."

ఆయన ఆగాడు. చాలా అలిసిపోయినట్టున్నాడు.

"తడిగుడ్డతో గొంతు కోశావమ్మా. అడిగితే రిజిస్టర్ ఇచ్చేవాణ్ణి కదా. కారణం కూడా అడిగేవాణ్ణి కాదు."

"నన్ను క్షమించు."

"పొద్దున్నుంచి మేడమ్ ఎన్నిసార్లడిగినా ఎవరికీ ఇవ్వలేదనే చెప్పాను. అబద్ధం చెప్తున్నానని ఆవిడ అనుకుని ఉంటుంది. నేను నిజమే చెప్పాననుకున్నాను. ఆ ఎవరిలో నువ్వున్నావని నాకు తట్టలేదు."

అక్క తలుపుకు వీపు ఆనించింది, ఆయన వెళ్ళిపోకుండా ఆపుదామన్నట్టు. అలవాటైన పని. కానీ ఆ థియేటర్ తలుపు బయటికి తెరుచుకునేది కాదు. పిడి ఆమె నడుం పక్కనే ఉంది. ఆయన దాన్ని తనవైపు లాగాలంటే ఆమె జరగాలి.

మాస్టారు ఆమె ముఖంలోకి చూశాడు. ముప్పై ఒక్కేళ్ళుగా మనుషుల్ని చూసిన చూపే. గుండీ దగ్గర్నుంచి కంటి తడి దాకా నిన్నటిది ఇవాళ ఉందో లేదో చూసే చూపు.

"నిన్న తాళంచెవి అడిగిన నువ్వు, ఇవాళ ఇక్కడ నిలబడ్డ నువ్వు," అన్నాడు. "కలవట్లేదమ్మా."

ఆమె జరిగింది. ఆయన తలుపు లాగి తెరుచుకుని బయటికి వెళ్ళిపోయాడు.