మిరపకాయ మీద కేసు

నాగవేణిని మొదటిసారి చూసినప్పుడు ఆమె చేతిలో మా కుక్క మీద నోటీసు ఉంది. నా గుండె చప్పుడుకు ప్రొద్దుటూరు వీధిలో రెండు స్కూటర్లు పక్కకు తప్పుకున్నాయి.

ఆమె మా వార్డు సచివాలయంలో పశువుల అసిస్టెంటు. మాది గొర్రెల ఇల్లు. చాపాడులో మా నాయన మందను కాసి కాసి ముసలిదైన ఈ కుక్క మిరపకాయ, రిటైరై నా దగ్గరికి వచ్చింది. ఈడ గొర్రెలు లేవు. అందుకని ఒంటరిగా నడిచే మనుషులను మందలోంచి తప్పిపోయారనుకుని వెనక్కి తోలుతోంది. ఎదురింటి విశ్వేశ్వరయ్య సారును మూడు రోజులు వాకింగుకు పోనీయలేదు. ఆయన కంప్లైంటు పెట్టాడు.

"పది దినాలు చూస్తాం. బయటోళ్లను ఒక్కరిని తరిమినా కుక్కల బండెక్కిస్తాం," అంది నాగవేణి.

"ఇంట్లోవాళ్లను తరిమితే?"

"అది నీ ఖర్మ. కేసు రాదు."

మూతి కట్టమంటే దూడకు కట్టే తాడు చిక్కం కట్టాను. అవమానంతో మిరపకాయ రెండు పూటలు నా మొహం చూడలేదు.

రోజూ ఐదింటికి నాగవేణి వచ్చి, చూసి, రాసుకుని పోయేది. నేను నాలుగు నుంచే వాకిట్లో తిరిగేవాణ్ణి. తొమ్మిదో రోజుకు నాపబండ అరిగి గుంత పడింది.

కుక్క ఎవరినైనా తరిమితే కుక్క పోతుంది. తరమకపోతే పదో రోజు తర్వాత ఈమె రాదు. రెండింటి మధ్య నాకు అన్నం దిగలేదు.

పదో రోజు వాన. ఆమె ఫారం నింపి, గొడుగు తెరిచి, ఒంటరిగా గేటు దాటింది.

మిరపకాయ చెవులు లేచాయి. నేను వద్దనేలోపే చిక్కం తెంపుకుని ఉరికింది. ఆమెకు అడ్డం నిలిచి, చుట్టూ తిరిగి, గొడుగుతో సహా నా ముందుకు తోలుకొచ్చింది.

"రాసుకోమ్మా," అన్నాడు అరుగు మీది నుంచి విశ్వేశ్వరయ్య సారు, ఫోన్లో వీడియో తీస్తూ.

"రాస్తాండా సార్."

నేను కుక్క మెడ కావిలించుకున్నాను. "దాని తప్పేం లేదు. నీ కోసం నేను తిరిగేది చూసి చూసి, నువ్వూ మా మందలోదానివే అనుకుండాది."

ఆమె నన్ను చూసింది. కుక్కను చూసింది. తడిసిన ఫారం మీద రాసి నా చేతికిచ్చింది.

"పదో రోజు: బయటివారిని ఎవరినీ తరమలేదు. ఇంటి మనిషిని తోలుకొచ్చింది."

నేను ముగ్గురు చదివినంత సేపు చదివాను.

"మా నాయన పులివెందులలో ఉంటాడు. ఆదివారం వచ్చి అడుగు," అంది నాగవేణి. "మిరపకాయను పిల్చుకొని రా. ఒక్కడివే వస్తే తప్పిపోతావు."