జారే నిషాదం

తప్పు నాదే. కీబోర్డ్ మీద ఆఖరి కార్డ్ వాయించకుండా ఫోన్ ఎత్తాను. గదిదని, మెషీన్లదని చెప్పుకుంటే కాస్త తేలికగా ఉండేది గానీ, అది అబద్ధం.

ఇరవై రెండేళ్లు రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేసి, నలభై ఏడో ఏట మ్యూజిక్ ప్రొడక్షన్ కోర్సులో చేరాను. క్లాసులో అందరూ నా కూతురి వయసువాళ్లు. మొదటిరోజు నన్ను చూసి టీచర్ననుకుని లేచి నిలబడ్డారు. పోనీలే అని కూర్చోమన్నాను.

మొదటి వారంలోనే స్కేళ్లు, కార్డ్‌ల వరసలు మొదలయ్యాయి. కార్డ్ అంటే మూడు స్వరాలు ఒకేసారి కలిపి నొక్కడం. సి, ఏ మైనర్, ఎఫ్, జి. మళ్లీ సి.

"జి దగ్గర ఆపితే చెవి ఊరుకోదు. ఇంకోటి రావాలంటుంది. మొదటి కార్డ్‌కి తిరిగొస్తేనే వరస పూర్తయినట్టు," అన్నారు మాస్టారు. దానిమీద ఒక నియమం కూడా పెట్టారు. అద్దం వెనక పాడే బూత్‌లో మనిషి ఉండగా వరసను జి దగ్గర వదలకూడదు. ఎందుకండీ అని అడిగాను.

"అలవాటు చేసుకోండమ్మా," అన్నారు. అంతే.

పిల్లలు నవ్వుకుంటూనే పాటించేవాళ్లు. ఒకసారి ఫైర్ అలారం మోగితే, ఒకమ్మాయి సి వాయించి మరీ పరుగెత్తింది.

నాలుగో వారం హోంవర్క్‌కి ఒక గొంతు కావాలి. మా చెల్లెల్ని లాక్కొచ్చాను. మందుల షాపులో పని, ఆ రోజు సెలవు. ఇంట్లో అందరం చిట్టి అంటాం. బాగానే పాడుతుంది గానీ నిషాదం దగ్గర, అంటే 'ని' దగ్గర, గొంతు కాస్త కిందికి జారుతుంది. చిన్నప్పటినుంచీ అంతే. నేను ఏడిపించడమూ అంతే.

"ఈసారైనా జారకుండా పాడవే."

"జారితే నీ మెషీన్లు ఎత్తిపెడతాయిగా! ఫీజు కట్టింది దేనికి మరి?" అంటూ బూత్‌లోకి వెళ్లింది.

మధ్యాహ్నం మూడు. మిగతావాళ్లు టీకి పోయారు. ఆ గదికి కిటికీల్లేవు. గోడలనిండా స్పాంజి, దానికి తడారని చాపలాంటి వాసన. బూత్ తలుపు పడితే గాలి కూడా ఆగినట్టుంటుంది. ఆ తర్వాత లోపలి మనిషి వినబడేది హెడ్‌ఫోన్స్‌లోనే.

రికార్డింగ్ నొక్కి వాయించాను. చిట్టి అందుకుంది. స, రి... గ, మ... ప, ద... జి మీద చేతులు పెట్టాను. ని. జారింది. నవ్వొచ్చింది. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. మా ఆయన.

చేతులు తీసేశాను.

"వాషింగ్ మెషిన్ ఆగిపోయింది. ఏ బటన్ నొక్కాలి?"

"తలుపు సరిగ్గా వెయ్యండి, అదే తిరుగుతుంది," అని పెట్టేశాను. అర నిమిషం కూడా పట్టలేదు.

అప్పుడు హెడ్‌ఫోన్స్‌లో పై స వినిపించింది.

నున్నగా, నిటారుగా ఉంది. ఊపిరి తీసుకోవడం లేదు. ఆగడం లేదు. అద్దంలోంచి చూశాను. చిట్టి నోరు మూసుకుని ఉంది. కళ్లు మాత్రం నా మీదే. తల అడ్డంగా ఊపుతోంది... నేను కాదు, నేను కాదు అన్నట్టు.

బూత్‌లో దీపం ఆరిపోయింది.

అద్దంలో ఇక నా మొహమే కనిపించింది. వెళ్లి తలుపు లాగాను. రాలేదు. కాలు అడ్డంపెట్టి లాగాను. గోడని లాగినట్టుంది. అరిచాను. ఆ గది స్పాంజి నా అరుపుని నాకే వినబడనివ్వలేదు.

కీబోర్డ్ దగ్గరికి వచ్చాను. సి. మూడు వేళ్లు. మూడు వారాలుగా వాయిస్తున్నదే, నిద్రలో లేపినా వాయించగలను. వేళ్లు ఎక్కడెక్కడో పడ్డాయి. మళ్లీ తప్పు. మళ్లీ...

పడింది.

పై స ఆగింది. దీపం వెలిగింది. తలుపు దానంతటదే తెరుచుకుంది.

"ఏంటక్కా, మొహం అలా ఉంది?" చిట్టి బయటికొచ్చి నా సీసాలో నీళ్లు తాగింది. "ఒక్క క్షణం కరెంట్ పోతే అంత కంగారా?"

చెయ్యి పట్టుకున్నాను. వెచ్చగానే ఉంది. మోచేతిమీద ఇస్త్రీపెట్టె కాలిన మచ్చ, ఉన్నచోటే ఉంది. చిట్టి సీసా మూత పెడుతూ సన్నగా పాడుకుంది. స రి గ మ ప ద ని స.

ని జారలేదు.

స్క్రీన్ వైపు చూశాను. రికార్డింగ్ ఇంకా నడుస్తోంది. బూత్ మైక్ శబ్దాన్ని చూపే మీటర్ కదులుతోంది. లోపల ఎవరూ లేరు. హెడ్‌ఫోన్స్ ఒక చెవికి ఆనించుకున్నాను.

"అక్కా... ఇక్కడ తలుపు లేదే..."

బూత్‌లోకి వెళ్లాను. గోడలు తడిమాను. మైక్ స్టాండ్ వెనక, కార్పెట్ అంచు కింద కూడా చూశాను. నాలుగు గోడలూ, ఒక స్టూలూ. వెనక్కొచ్చి సి వాయించాను. పదిసార్లు వాయించాను. మళ్లీ విన్నాను. హెడ్‌ఫోన్స్‌లో గొంతు ఏడుస్తోంది. తర్వాత నేను గుర్తుపట్టాలనేమో, మెల్లగా పాడటం మొదలుపెట్టింది. స... రి... గ... మ... ప... ద...

ని. జారింది.

"ఎవరక్కా?" నా వెనక నిలబడినది అడిగింది.

దాన్ని చూశాను. అద్దాన్ని చూశాను. ఎవరిని ఏమడగాలి? ఏమడిగితే తేలుతుంది? ఇంటి దగ్గర చిట్టి పిల్లలిద్దరూ స్కూల్నించి వచ్చే వేళయింది.

"ఎవరూ లేరు," అన్నాను. హెడ్‌ఫోన్స్ కింద పెట్టాను. స్విచ్‌లన్నీ ఆపేశాను.

ఆ కోర్సుకి మళ్లీ వెళ్లలేదు. ప్రతి ఆదివారం తను మా ఇంటికొస్తుంది. వంటింట్లో పాడుకుంటుంది. ఒక్క స్వరం కూడా తప్పదు. "బాగా పాడుతున్నావే," అంటారు మా ఆయన.

బయటికొచ్చినదాన్ని ఇంటికి తీసుకెళ్లాలని ఆ రోజు అక్కడే నిర్ణయించుకున్నాను. తీసుకెళ్లాను. ఇప్పటికీ చిట్టీ అనే పిలుస్తున్నాను.