వంకర గళ్ల జంపఖానా

1983. హనుమకొండలో, రేడియో రిపేరు బోర్డు వెనక ఓ రహస్య ల్యాబ్. ఏజెంట్ వీరభద్రం జంపఖానాల వ్యాపారి వేషంలో మూటతో దిగాడు. అతని మీసంలో ట్రాన్స్‌మిటర్ ఉండేది. ఏ వైపో అతనే మరిచాడు.

చీఫ్ రాజేశ్వర్ రావు బ్రీఫింగ్ క్లుప్తం. "పైలట్ హెల్మెట్. కండ్ల ముందట చిన్న టీవీ. లెన్స్ బొమ్మ మూలల్ని గుంజుతది, గీత విల్లు లెక్క వంగుతది. మన ఇంజనీరు హన్నా చేసిన సర్క్యూట్ బొమ్మను ముందే ఎదురు వంచుతది. లెన్స్ దాటేసరికి సక్కగైతది. దాన్ని విదేశీ ముఠా కోసం ఎత్తుకపోను సావిత్రి వస్తాంది."

సావిత్రి జీతం ఇక్కడ, విధేయత అక్కడ, పట్టుచీర రెండు చోట్లా.

వీరభద్రం తమ్ముడు సారంగపాణి పైలట్. సర్క్యూట్ లేని హెల్మెట్‌లో రన్‌వే వంకరగా కనిపించి, విమానం దించబోయి కాలు విరగ్గొట్టుకున్నాడు. కాలు కుదిరాక మళ్లీ ఎగరాలి.

"సర్క్యూట్ తీసేసిన హెల్మెట్ ఇచ్చి పంపుదాం," అన్నాడు వీరభద్రం.

"పెట్టుకొని గళ్ల బట్ట మీద పరీక్ష చేస్తదన్నా. గళ్లు వంగితే నన్ను కాలుస్తది," అంది హన్నా.

"అయితే గళ్లనే వంచుదాం చెల్లె."

కొత్తవాడ మగ్గం మీద, గళ్లు నడుమ ఉబ్బేలా జంపఖానా నేయించాడు. పక్క గదిలో, హెల్మెట్ టీవీకి బొమ్మ పంపే కెమెరా ముందు వేలాడదీశాడు.

సావిత్రి హెల్మెట్ పెట్టుకుంది. పిస్తోలు హన్నా కణతకు ఆనింది. "ఒక్క గీత వంగినా ఖతం."

సరిగ్గా అప్పుడే పక్క గదిలో మేకు ఊడింది. వీరభద్రం జంపఖానా వెనక నక్కి, రెండు మూలలు చేతులతో, మూడోది పళ్లతో పట్టాడు. నాలుగోదాన్ని కాలి బొటనవేలు చూసుకుంది.

"మస్తు సక్కగున్నయి," అని సావిత్రి హెల్మెట్‌తో వెళ్లిపోయింది. ముఠాకు దక్కింది ఉత్త డొల్ల.

హన్నా సర్క్యూట్ ఢిల్లీ చేరి, "దేశీ సరుకు" అన్న ముద్రతో అటక ఎక్కింది. ఏడాదికి అదే డొల్ల కొత్త రంగుతో, విదేశీ కంపెనీ పేరుతో తిరిగొచ్చింది. ఢిల్లీ ఆఫీసరు దాన్ని ల్యాబ్‌లోనే, ఆ జంపఖానా ముందే పరీక్షించాడు.

"అద్భుతం. మీ వాళ్లు వంకరగా నేసిన గళ్లను కూడా సరిచేసింది," అని పాస్ రాశాడు.

వీరభద్రం నోరు తెరవబోయాడు. చీఫ్ అతని భుజం నొక్కాడు. "జంపఖానా ముచ్చట టాప్ సీక్రెట్. ఆఫీసరుక్కూడ చెప్పొద్దు."

మొదటి హెల్మెట్ సారంగపాణికే ఇచ్చారు.

ఆ సాయంత్రం వీరభద్రం మళ్లీ కొత్తవాడ మగ్గం దగ్గర, నేతన్న ముందు నిలబడ్డాడు.

"అన్నా, రన్‌వే అంత జంపఖానా నేస్తవా?"