మైకా మెరవని చీర

“రేపు సాయంత్రం మద్రాసులో విమానం ఎక్కేదాకా ఒక ముసలాయన బతికి ఉండాలి. అంతే నీ మిషన్,” అన్నాడు చీఫ్ పద్మనాభయ్య.

ఏజెంట్ పుష్పకుమారి ఫైలు తెరిచింది. డాక్టర్ లెవిన్. యూదుడు. 1938లో వియన్నా నుంచి పారిపోయి వచ్చి, మైపాడులో చిన్న ఆసుపత్రి పెట్టుకున్నాడు. ఒకప్పుడు నాజీ కర్నల్ రైనర్ వీపుకు కుట్లు వేసింది ఆయనే. పేరూ మొహమూ మార్చుకుని తిరిగిన రైనర్ ఈ మధ్యే పట్టుబడ్డాడు. ఆ మచ్చను గుర్తుపట్టి కోర్టులో చెప్పగలిగినవాడు లెవిన్ ఒక్కడే.

“రైనర్ ముఠా మద్రాసులో దిగింది. మన ఎలిశబెతు జీపు తెస్తుంది. ఆరు నెలలుగా గూడూరు మైకా షెడ్డులో, అభ్రకం రేకులు చీల్చే కూలిమనిషి వేషంలో ఉండి, విదేశీ కొనుగోలుదార్ల మీద కన్నేసింది. కోడ్ కలిస్తేనే డాక్టర్ని అప్పగించు.”

మర్నాడు పొద్దున నర్సు వేషంలో పుష్పకుమారి వరండాలో కాలు నిలవక తిరుగుతోంది. సముద్రపు గాలికి తలుపులు కొట్టుకుంటున్నాయి. డాక్టరు పెట్టె సర్దుతున్నాడు.

“అయ్యా, అప్పుడు మీవాళ్ళని ఏ దేశమూ ఎందుకు రానీలేదు?”

“లోకమంతా పనుల్లేని కాలం తల్లీ. మా వాళ్ళకే కూడు లేదు, మీరొస్తే ఉద్యోగాలు లాక్కుంటారన్నారు. అది సగం నిజం. మేమంటే గిట్టనోళ్ళకి ఆ సాకు బాగా కలిసొచ్చింది. మా చెల్లెలు ఆరు దేశాల గడప తొక్కింది. ఆఖరికి రైనర్ చేతికే చిక్కింది.”

“మరి మీరు?”

“ఇక్కడికి రావాలన్నా నన్ను పోషిస్తానని ఒకరి పూచీ కావాలన్నారు. ఈ ఊరి కంపౌండర్ జకరయ్య సంతకం పెట్టినాడు. ఆయనింట్లోనే రెండో పూట పొయ్యి వెలగదు!”

జీపు ఆగింది. కూలిచీరలోనూ సినిమాతారలా దిగింది ఎలిశబెతు.

“ఉప్పుమళ్ళు ఎండినాయా?” అడిగింది పుష్పకుమారి.

“వాన పడితేగానీ ఎండవు.”

కోడ్ కలిసింది. డాక్టరు జీపెక్కాడు.

“నిన్న సాయంత్రందాకా మైకా చీలుస్తానే ఉండా. ఈ చీరతోనే పరిగెత్తుకొచ్చినా,” అంది ఎలిశబెతు, ఫ్లాస్కు మూత తిప్పుతూ. “దోవలో ఎండ మండిపోతుంది. ఓ గుక్క కాఫీ తాగండి అయ్యగారూ.”

పుష్పకుమారి మనసులో ఏదో ముల్లులా గుచ్చుకుంది. ఎండ ఎలిశబెతు చీర మీద పడుతోంది. ఒక్క మెరుపు లేదు.

పుష్పకుమారి వాళ్ళమ్మ మగ్దలీనమ్మ ఇరవై ఏళ్ళు మైకా చీల్చింది. ఆ పొడి అన్నంలో, బైబిలు పేజీల్లో మెరిసేది. కుంకుడురసానికీ వదిలేది కాదు. శవపెట్టెలో పడుకోబెట్టినప్పుడు కూడా అమ్మ పాపిట మెరిసింది.

ఎలిశబెతు ఆ షెడ్డు గడప తొక్కనే లేదు. మరి ఆరు నెలలూ ఎవరితో ఉన్నట్టు?

ఎలిశబెతు పోసిచ్చిన గ్లాసు డాక్టరు పెదవుల్ని తాకబోతోంది. పుష్పకుమారి తన ఫౌంటెన్ పెన్ పిస్టల్ క్లిప్పు నొక్కింది. ఠప్! గ్లాసు ఎగిరిపడింది. జీపు రేకు మీద కాఫీ బుసబుసా నురగలు కక్కింది.

ఎలిశబెతు చేయి లిప్‌స్టిక్ పిస్టల్ మీదికి పోయింది.

“వొద్దక్కా, దీంట్లో ఇంకో గుండు ఉండాది.”

నిజానికి లేదు. కానీ ఎలిశబెతు చేతులెత్తింది.

“ఎట్ట కనిపెట్టినావే?”

“మైకా చీల్చినదానివైతే మెరుస్తా ఉండేదానివి.”

బేడీలు పడ్డాక కూడా ఎలిశబెతు నవ్వింది. “యుద్ధం అయిపోయినాక పదహారేళ్ళు దొరకలేదు మా కర్నల్. మూడు దేశాలు పిలిచి పాస్‌పోర్టులిచ్చినాయి, తెలుసా?”

పుష్పకుమారి స్టీరింగ్ పట్టుకుని డాక్టరు వైపు తిరిగింది. “మీ చెల్లెలికి ఒక్కటీ దొరకలేదు. వాడికి మూడెట్ట ఇచ్చినారయ్యా?”

డాక్టరు చొక్కా మీది కాఫీ చుక్కలు తుడుచుకున్నాడు.

“వాడెవరి ఉద్యోగమూ లాక్కోడని నమ్మి ఉంటారులే తల్లీ.”